ధ్వనితో చూసిన వైద్యుడు

మెట్లు దిగేటప్పుడో, కబడ్డీ ఆడేటప్పుడో పాదం లోపలివైపుకు మడతపడి చీలమండ బెణకడం మనలో చాలామందికి అనుభవమే. గంట గడవకముందే కాలు వాస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు చింతాకు పట్టు వేస్తారు. మరునాటికి కూడా అడుగు మోపలేకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్తారు. అక్కడ ఎక్స్-రే తీస్తారు. ఎముక విరగలేదని తెలియగానే అందరి మనస్సులూ తేలికపడతాయి. కాని ఎముక చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు ఆ కాలు బరువు ఎందుకు మోయలేకపోతున్నది? నొప్పి తగ్గిన తరువాత కూడా కొందరిలో అదే చీలమండ పదే పదే ఎందుకు మడతపడుతున్నది? ఈ ప్రశ్నలకు ఎక్స్-రే చిత్రంలో సమాధానం దొరకదు.

కారణం సులభమే. బెణికినప్పుడు దెబ్బతినేది సాధారణంగా ఎముక కాదు, ఎముకనూ ఎముకనూ కలిపి ఉంచే మెత్తని సంధి బంధనం. వైద్యులు దానిని లిగమెంట్ అంటారు. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్-కిరణాలు ఎముకలను అద్భుతంగా చూపాయి. మాంసం, పొర, నరం, బంధనం వంటి మెత్తని భాగాలు మాత్రం ఆ చిత్రంలో ఒకే మసక నీడలో కలిసిపోయాయి. ఈ కొరతను తీర్చే సాధనం ధ్వనిలో ఉన్నదని నమ్మి, పదిమంది నవ్వినా లెక్కచేయక, దానిని ఆసుపత్రి మంచం దగ్గరకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు ఇయాన్ డొనాల్డ్. విచిత్రమేమంటే ఆయన ఎముకల వైద్యుడు కాదు. ప్రసూతి వైద్యుడు.

డొనాల్డ్ 1910 డిసెంబరు 27న ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ ప్రాంతంలో ఉన్న లిస్కర్డ్ అనే పట్టణంలో జన్మించాడు. వారిది స్కాట్లండుకు చెందిన వైద్యుల కుటుంబం. తండ్రి, తాత ఇద్దరూ వైద్యులే. తల్లి పియానో వాద్యంలో నిష్ణాతురాలు. తండ్రి వృత్తినీ తల్లి సంగీతాన్నీ సమానంగా ప్రేమించిన బాలుడు డొనాల్డ్. స్కాట్లండులో చదువు సాగుతుండగా తండ్రి అనారోగ్యం కారణంగా కుటుంబం దక్షిణాఫ్రికాకు తరలివెళ్లింది. అక్కడ 1927లో తల్లి మరణించింది. మూడు నెలలు తిరగకుండానే తండ్రి కూడా కన్నుమూశాడు. పదహారేళ్ల వయస్సులో తల్లినీ తండ్రినీ కోల్పోయిన ఆ యువకుడు కేప్‌టౌన్‌లో భాషలు, సంగీతం ప్రధానాంశాలుగా పట్టం పుచ్చుకున్నాడు. 1931లో లండన్ చేరి సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో చేరాడు. 1937లో వైద్యపట్టం అందుకున్నాడు. అదే ఏడు ఆయన వివాహం జరిగింది. భార్య అలిక్స్ దక్షిణాఫ్రికాకు చెందిన రైతు కుటుంబంలోని ఆడపడుచు. ఆ దంపతులకు నలుగురు కుమార్తెలు.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. డొనాల్డ్ బ్రిటిష్ వైమానిక దళంలో వైద్యాధికారిగా పనిచేశాడు. ఒక సందర్భంలో ఒక యుద్ధవిమానం కూలి మంటల్లో చిక్కుకున్నది. లోపల బాంబులు ఇంకా పేలకుండా ఉన్నాయి. అవి ఏ క్షణాన పేలుతాయో తెలియని స్థితిలో డొనాల్డ్ లోపలికి చొరబడి వైమానికులను బయటికి లాగాడు. ఈ సాహసానికి గుర్తింపుగా 1946లో ప్రభుత్వం ఆయనను సత్కరించింది. అయితే యుద్ధం ఆయనకు ఇచ్చిన అసలు సంపద పతకం కాదు. శత్రువిమానాల జాడ కనిపెట్టే రాడార్, సముద్రగర్భంలోని జలాంతర్గాములను పసిగట్టే సోనార్ అనే రెండు యంత్రాలతో ఆయనకు అక్కడ పరిచయమైంది. సోనార్ నీటిలోకి ధ్వనిని పంపుతుంది. అడ్డు తగిలి తిరిగివచ్చిన ప్రతిధ్వనిని అందుకుంటుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఆ అడ్డు ఎంత దూరంలో ఉన్నదో లెక్కకడుతుంది. కంటికి కనిపించని దానిని ప్రతిధ్వని ద్వారా గుర్తించవచ్చునన్న ఈ భావం డొనాల్డ్ మనస్సులో నాటుకుపోయింది.

యుద్ధానంతరం ఆయన లండన్‌లో ప్రసూతి వైద్యంలో స్థిరపడ్డాడు. పుట్టిన వెంటనే ఊపిరి అందక విలవిలలాడే శిశువులు ఆయనను కలవరపెట్టారు. శిశువు స్వయంగా చేసే చిన్న ప్రయత్నాన్ని పసిగట్టి, దానికి అనుగుణంగా గాలి అందించే శ్వాసయంత్రాన్ని సహచరులతో కలిసి రూపొందించాడు. ఎక్కడ యంత్రం కనిపించినా దానిని విప్పి చూడాలన్న ఆయన తపనను గమనించిన తోటివారు చాటుగా పిచ్చి డొనాల్డ్ అనుకునేవారట. 1954లో ఆ పిచ్చి డొనాల్డే గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రసూతి వైద్యశాఖ ఆచార్యుడయ్యాడు.

గ్లాస్గో ఆయనకు సరిగ్గా తగిన నగరం. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే రేవులు, బాయిలర్లు తయారుచేసే కర్మాగారాలు, వాటికి కావలసిన పరికరాలు చేసే సంస్థలు బారులు తీరి ఉండేవి. బాయిలర్ల ఇనుప పలకల అతుకుల్లో కంటికి కనిపించని పగుళ్లు ఉంటే అవి ఒకనాడు ప్రమాదం తెస్తాయి. పలకను కోయకుండానే ఆ పగుళ్లను పట్టుకోవడానికి అక్కడి ఇంజనీర్లు అతిధ్వనులను వాడేవారు. సెకనుకు 20,000 కంటే ఎక్కువ కంపనాలు గల ధ్వని మన చెవికి వినిపించదు, అదే అతిధ్వని. ఇనుములోని పగులును చూపగలిగిన ధ్వని మనిషి కడుపులోని కణితిని ఎందుకు చూపకూడదు? డొనాల్డ్‌కు వచ్చిన ఆలోచన ఇదే. అప్పటికే అమెరికాలో జాన్ వైల్డ్ అనే శస్త్రవైద్యుడు అతిధ్వనులతో శరీర కణజాలాలను పరీక్షిస్తున్నాడు. డొనాల్డ్ ఆయన కృషిని ఎరిగినవాడే.

ఆయన వద్ద చికిత్స పొందిన ఒక మహిళ భర్త బాయిలర్ల సంస్థలో పెద్ద హోదాలో ఉండేవాడు. ఆ పరిచయం వల్ల ఆయనకు రెన్‌ఫ్రూలోని బాబ్‌కాక్ అండ్ విల్కాక్స్ కర్మాగారం ద్వారాలు తెరుచుకున్నాయి. 1955 జూలై 21న డొనాల్డ్ రెండు కార్ల వెనుక అరల నిండా తాజాగా శస్త్రచికిత్సలో తొలగించిన కణితులను నింపుకొని అక్కడికి వెళ్లాడు. గర్భాశయంలో పెరిగే గట్టి కండగడ్డలు కొన్ని, అండాశయంలో పెరిగిన నీటితిత్తులు కొన్ని. పోల్చి చూసుకోవడానికి కర్మాగారం వారు ఒక పెద్ద మాంసపు ముక్కను సిద్ధం చేసి ఉంచారు. ఇనుప పలకలు తప్ప మరొకటి ఎరుగని ఆ యంత్రం ముందు ఆ రోజు ఈ వింత సరకు పరిచారు.

ఫలితం ఆయన ఆశించినదానికంటే బాగున్నది. నీటితిత్తిలో ధ్వని అడ్డులేకుండా సాగిపోయి ఆవలి గోడను తాకి తిరిగివచ్చింది. తెరమీద ఈవలి గోడకు ఒక శిఖరం, ఆవలి గోడకు ఒక శిఖరం, మధ్యలో నిశ్శబ్దం. గట్టి కండగడ్డలో అలా కాదు. అడుగడుగునా చిన్న చిన్న ప్రతిధ్వనులు లేచి, లోతుకు పోయేకొద్దీ క్షీణించాయి. ఒక కణితిలో ఉన్నది నీరా, కండరమా అన్నది కత్తి పెట్టకుండానే తెలిసిపోయింది. ఒక పదార్థం నుండి మరొక పదార్థంలోకి ప్రవేశించేటప్పుడు వాటి సాంద్రత, వాటిలో ధ్వని వేగం వేరువేరుగా ఉంటే ఆ సరిహద్దువద్ద కొంత ధ్వని వెనక్కి మళ్లుతుంది. మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. గాలి, ఎముక ఎదురైతే మాత్రం ధ్వనిలో అధికభాగం అక్కడే వెనుదిరుగుతుంది. వాటి వెనుక ఏమున్నదో తెలియదు. అంటే ఎక్స్-రే బలం ఎక్కడ ఉన్నదో అతిధ్వని బలహీనత అక్కడ ఉన్నది. ఎక్స్-రే చేతులెత్తేసిన మెత్తని భాగాల్లోనే అతిధ్వని పని మొదలవుతుంది.

కర్మాగారంలో విజయం సాధించినంత సులభంగా ఆసుపత్రిలో సాధ్యం కాలేదు. మొదట దొరికిన పరికరం పాతది. చర్మానికి దగ్గరగా ఉన్న భాగాలను అది చూపలేకపోయేది. ఆ లోపాన్ని కప్పిపుచ్చడానికి నీరు నింపిన పాత్రను రోగి పొట్టమీద నిలిపి దాని గుండా ధ్వనిని పంపేవారు. నీళ్లు ఒలికి పడక, దుస్తులు, వైద్యుల బూట్లు తడిసిన రోజులెన్నో.

ఈ దశలో టామ్ బ్రౌన్ రంగప్రవేశం చేశాడు. అతడు కెల్విన్ అండ్ హ్యూస్ సంస్థలో పనిచేస్తున్న యువ ఇంజనీరు. 1956లో శస్త్రచికిత్స గదిలో దీపం సరిచేసే పనిమీద గ్లాస్గోలోని వెస్టర్న్ ఇన్‌ఫర్మరీకి వచ్చినప్పుడు, ఎవరో ఒక ఆచార్యుడు లోహాలను పరీక్షించే యంత్రంతో మనుషులను పరీక్షిస్తున్నాడన్న మాట అతని చెవిన పడింది. టెలిఫోన్ పుస్తకంలో సంఖ్య వెతికి నేరుగా డొనాల్డ్‌తోనే మాట్లాడాడు. వచ్చి చూశాడు. ఆ పరికరం పనికిరాదని తేల్చి మంచిదాన్ని తెప్పించాడు. ఆపైన అసలు సమస్యకు పూనుకున్నాడు. అప్పటిదాకా తెరమీద కనిపించేవి శిఖరాలు, లోయలు మాత్రమే. ధ్వనిని పంపే ప్రోబ్‌ను చర్మంమీద కదుపుతూ, అది ఏ స్థానంలో ఏ కోణంలో ఉన్నదో కనిపెడుతూ, ఒక్కొక్క ప్రతిధ్వనిని ఒక్కొక్క చుక్కగా తగిన చోట అమర్చితే శరీరపు నిలువుకోత చిత్రమే ఏర్పడుతుందని అతడు ఊహించి, యంత్రాన్ని నిర్మించాడు. దాని చట్రానికి ఆధారమైనది రోగి మంచం పక్కన వాడే ఒక మామూలు బల్ల. నీళ్ల పాత్ర పోయింది. చర్మంమీద ఆలివ్ నూనె రాస్తే సరిపోయింది. డొనాల్డ్ కీర్తిలో బ్రౌన్‌కు రావలసిన వాటా చాలాకాలం రాలేదన్నది నిజం. ఆ యంత్రం అతని మేధస్సులో పుట్టింది. చరిత్ర మాత్రం ఆచార్యుని పేరునే ముందుగా పలికింది. యువవైద్యుడు జాన్ మెక్‌వికార్ ఈ బృందంలో మూడవవాడు.

తోటి వైద్యులు పెదవి విరిచారు. చేత్తో తడిమి కనిపెట్టగలిగిన కణితికి ఇంత యంత్రం దేనికని ప్రశ్నించారు. ఆ దశలో ఒక సంఘటన జరిగింది. శస్త్రచికిత్స విభాగంలో ఒక మహిళ ఉన్నది. పొట్ట ఉబ్బిపోయింది, రోజురోజుకు కృశించిపోతున్నది. ఎక్స్-రే పరీక్షలు చేసినవారు ఆమెకు జీర్ణకోశంలో ముదిరిన క్యాన్సర్ ఉన్నదనీ, పొట్టలో చేరినది జలోదరమనీ, ఇక చేయగలిగింది లేదనీ తేల్చారు. డొనాల్డ్ ప్రోబ్ పెట్టి చూశాడు. జలోదరమైతే నీరు పొట్ట అంతటా పరుచుకొని ఉండాలి. తెరమీద కనిపించినది స్పష్టమైన అంచులున్న ఒకే ఒక పెద్ద తిత్తి. ఆయన దానిని అండాశయపు తిత్తి అన్నాడు. శస్త్రచికిత్స చేశారు. అది తిత్తే. దానిని తొలగించారు. మరణం కోసం ఎదురుచూస్తున్న స్త్రీ కోలుకొని ఇంటికి వెళ్లింది. ఆ తరువాత గ్లాస్గోలో నవ్వేవారు తగ్గారు. ఇతర విభాగాల వైద్యులు తమకు అంతుచిక్కని రోగులను డొనాల్డ్ వద్దకు పంపసాగారు.

1958 జూన్ 7న లాన్సెట్ వైద్యపత్రికలో డొనాల్డ్, మెక్‌వికార్, బ్రౌన్‌ల వ్యాసం వెలువడింది. కడుపులోని కణితులను అతిధ్వని స్పందనలతో పరిశోధించడం దాని విషయం. వైద్యచరిత్రలో ఆ వ్యాసానికి ఉన్న స్థానం అందరికీ తెలిసినదే. దానిలోని నిజాయితీని గురించి తెలిసినవారు తక్కువ. తెరమీద కనిపించిన దానిని శస్త్రచికిత్సలో కనబడిన దానితోను, సూక్ష్మదర్శిని పరీక్షతోను సరిచూసిన 78 కేసుల అనుభవం అందులో ఉన్నది. అయినా తమ ఫలితాలు ఇప్పటికి పాండిత్యపరమైనవే తప్ప ఆచరణకు అంతగా పనికివచ్చేవి కావనీ, వీటిని చూసి వైద్యుడు తన స్వంత నిర్ణయాన్ని మార్చుకోరాదనీ రచయితలే రాసుకున్నారు. ఒక ప్రాణం నిలబెట్టిన యంత్రాన్ని గురించి ఇంత అదుపుతో రాయడానికి గుండె నిబ్బరం కావాలి. అతిధ్వనుల వల్ల శరీరానికి హాని కలుగుతుందేమోనన్న సందేహాన్ని కూడా వారు దాటవేయలేదు; మత్తులో ఉంచిన పిల్లికూనలపై ప్రయోగించి పరిశీలించారు.

ఈ జాగ్రత్త వెనుక ఒక పూర్వకథ ఉన్నది. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ డుసిక్ అనే నాడీవైద్యుడు 1942లోనే అతిధ్వనులను తలగుండా పంపి మెదడులోని కుహరాల చిత్రాలు తీశానని ప్రకటించాడు. రోగనిర్ధారణకు అతిధ్వనిని వాడడానికి పూనుకున్న తొలి వైద్యుడు ఆయనే. పదేళ్ల తరువాత తేలిందేమంటే, ఆ చిత్రాల్లో కనిపించినది మెదడు కాదు. పుర్రె ఎముక ధ్వనిని చెదరగొట్టడం వల్ల ఏర్పడిన ఆకృతి. ఎముక ఆయనను మోసగించింది. డుసిక్ నిరాశతో ఆగిపోలేదు. లాన్సెట్ వ్యాసం వచ్చిన 1958లోనే, కీళ్లలోను కీళ్ల చుట్టూ ఉండే కణజాలాల్లోను ధ్వని ఎంత క్షీణిస్తుందో కొలిచి సహచరులతో కలిసి ప్రచురించాడు. చర్మం, కండరం, స్నాయువు, మృదులాస్థి ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా ధ్వనిని గ్రహిస్తాయని అందులో చూపాడు. కీళ్లను అతిధ్వనులతో పరీక్షించే శాస్త్రానికి దానిని ఆరంభంగా భావిస్తారు.

డొనాల్డ్ చూపు మాత్రం తల్లి గర్భంవైపే సాగింది. జేమ్స్ విలక్స్ అనే సహచరునితో కలిసి గర్భస్థ శిశువు తల వెడల్పును కొలిచే పద్ధతిని వృద్ధి చేశాడు. శిశువు ఎదుగుతున్నదో లేదో అంచనా వేయడానికి వైద్యుని చేతికి మొదటిసారిగా ఒక కొలత దొరికింది. 1963లో మరొక చిన్న రహస్యం బయటపడింది. మూత్రాశయం నిండుగా ఉంటే అడ్డుగా ఉన్న పేగులు పక్కకు తప్పుకుంటాయి. నీటి కిటికీలోంచి చూసినట్లు తొలివారాల గర్భం కూడా కనిపిస్తుంది. స్కానింగుకు వెళ్లినవారిని కడుపునిండా నీళ్లు తాగమనడానికి మూలం ఇదే. 1964లో గ్లాస్గోలో క్వీన్ మదర్స్ ప్రసూతి ఆసుపత్రి ప్రారంభమైంది. దాని రూపకల్పనలో డొనాల్డ్ పాత్ర ఉన్నది. ఆయన పరిశోధనకు అది నిలయమైంది.

ఏ శిశువును కాపాడటానికి ఆయన ఈ సాధనాన్ని తెచ్చాడో, ఆ శిశువు ఆడపిల్ల అని తెలిస్తే కడతేర్చడానికి కొందరు దానినే వాడుకున్నారు. ఈ దుర్వినియోగాన్ని అరికట్టడానికి భారత ప్రభుత్వం 1994లో చట్టం చేయవలసివచ్చింది. లింగనిర్ధారణ చేయబడదని మన ఊళ్లలోని స్కానింగు కేంద్రాల గోడలమీద కనిపించే పలక ఆ చట్టం ఫలితమే.

గర్భంలోంచి కీలువరకు ఈ విద్య రావడానికి ఆలస్యమైనందుకు కారణం భౌతికశాస్త్రంలో ఉన్నది. డొనాల్డ్ తొలి యంత్రాల్లో ధ్వని పౌనఃపున్యం సుమారు 2.5 మెగాహెర్ట్జ్. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 0.6 మిల్లీమీటరు వస్తుంది. కడుపులోని పెద్ద తిత్తిని చూడటానికి అది చాలు. చీలమండ వెలుపలి బంధనం మందమే సుమారు 2 మిల్లీమీటర్లు. దానిలోని పోగులను అంత మొరటు తరంగంతో పట్టుకోవడం సాధ్యం కాదు. పౌనఃపున్యం పెంచితే తరంగం సన్నబడి వివరం పెరుగుతుంది; అయితే ధ్వని త్వరగా క్షీణించి లోతుకు పోలేదు. చర్మం కిందనే ఉన్న చీలమండకు ఆ లోతుతో పనిలేదు. 1972లో మోకాలి వెనుక ఏర్పడే తిత్తిని రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం నుండి వేరుచేసి గుర్తించడానికి ఈ చిత్రణను వాడారు. 1980లో ఆస్ట్రియా వైద్యుడు రైన్‌హార్డ్ గ్రాఫ్ పసిపిల్లల తుంటికీలును పరీక్షించే పద్ధతిని ప్రకటించాడు. తరువాతి దశాబ్దాల్లో 10 మెగాహెర్ట్జ్‌కు మించిన ప్రోబ్‌లు వచ్చాక చీలమండ వంతు వచ్చింది.

చీలమండ వెలుపలివైపు మూడు బంధనాలు ఉంటాయి. కాలి వెలుపలి సన్నని ఎముక ఫిబ్యులా. దాని కొస నుండి ముందుకు టాలస్ అనే పాదపుటెముకకు ఒకటి, వెనుకకు అదే ఎముకకు మరొకటి, కిందికి మడమ ఎముకకు ఇంకొకటి సాగుతాయి. పాదం లోపలికి మడతపడినప్పుడు సర్వసాధారణంగా ముందుగా తెగేది ముందువైపు బంధనం. ప్రోబ్‌ను ఆ బంధనం పొడవునా ఆనించినప్పుడు ఆరోగ్యంగా ఉన్న బంధనం బిగించి కట్టిన దారాల కట్టలాగా సమాంతర తెల్లని గీతలతో కనిపిస్తుంది. తెగినచోట ఆ గీతలు తెగి, మధ్యలో నల్లని ఎడం ఉంటుంది. పూర్తిగా తెగకుండా సాగిపోయిన బంధనం ఉబ్బి, నల్లబడి, వదులుగా వంకరలు పోతుంది.

ఈ పరీక్షకు మరొక బలం ఉన్నది. చూస్తూ ఉండగానే కీలును కదపవచ్చు. వైద్యుడు ఒక చేత్తో కాలిని పట్టుకొని మడమను మెల్లగా ముందుకు లాగుతాడు. ఎముకల మధ్య దూరం ఎంత పెరిగిందో, బంధనం ఎంత సాగిందో తెరమీద అప్పుడే కనిపిస్తుంది. రెండవ కాలితో పోల్చుకోవచ్చు. కదలని చిత్రంలో దొరకని సంగతి ఇది. చీలమండ బెణికినవారిలో కొందరికి నెలలు గడిచినా కాలు నిలకడగా ఉండదు; సమతలంగా ఉన్న నేలమీద కూడా మడతపడుతుంది. అలా మిగిలిపోయేవారు కొన్ని అధ్యయనాల్లో నూటికి 40 మంది దాకా ఉన్నారు. బంధనం వదులైనందువల్లనే ఇలా జరుగుతున్నదని చాలాకాలం అనుకున్నారు. 1965లో బ్రిటన్‌కు చెందిన ఫ్రీమన్, ఆయన సహచరులు వేరొక కారణం చూపారు. బంధనంలో పాదం స్థితిని మెదడుకు తెలియజేసే సూక్ష్మనాడులు ఉంటాయి. బంధనంతోపాటు అవి కూడా దెబ్బతింటే పాదం తన స్థానాన్ని తాను మరచిపోతుంది. వదులైన బంధనమా, అదుపు తప్పిన కండరమా అన్నది ఒక్కొక్క రోగిలో విడదీసి చూడవలసి ఉంటుంది. సాగిన బంధనాన్ని ధ్వనితో కొలవగలగడం వల్ల ఆ విభజన కొంత సులభమైంది. బంధనం బిగువుగా ఉన్నా కాలు నిలవనివారికి కత్తి కంటే సమతౌల్య వ్యాయామాలే మేలు చేసే అవకాశం ఎక్కువ.

డుసిక్‌కు ఎదురైన ప్రమాదం ఇక్కడ వేరొక రూపంలో పొంచి ఉన్నది. ధ్వని కిరణం బంధనపు పోగులకు లంబంగా పడకుండా కొద్దిగా వాలినా ప్రతిధ్వని ప్రోబ్‌కు తిరిగిరాదు. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న బంధనం కూడా తెగినదానిలా నల్లగా కనిపిస్తుంది. చేయి తిరిగిన పరీక్షకుడు ప్రోబ్‌ను అటూ ఇటూ వంచి చూస్తాడు. కోణం మార్చగానే నలుపు పోయి గీతలు మెరిస్తే అది భ్రమ అని గ్రహిస్తాడు. చీలమండ పరిశోధకులు తమ అతిధ్వని చిత్రాలను కీలులోకి గొట్టపు కెమెరా పెట్టి కంటితో చూసిన స్థితితోను, శస్త్రచికిత్సలో బయటపడిన స్థితితోను పోల్చి, ఎన్నిసార్లు సరిపోయిందో, ఎన్నిసార్లు తప్పిందో లెక్కవేసి ప్రకటిస్తారు. 1958లో గ్లాస్గో బృందం 78 కేసుల్లో చేసిన పని కూడా ఇదే.

తాను తెరిచిన ఈ దారి ఇంతగా విస్తరిస్తున్న రోజుల్లో డొనాల్డ్ శరీరం ఆయనకు సహకరించలేదు. హృదయ కవాటం దెబ్బతిని మూడుసార్లు పెద్ద శస్త్రచికిత్సలు చేయించుకోవలసి వచ్చింది. శస్త్రచికిత్సకూ శస్త్రచికిత్సకూ మధ్య మళ్లీ పనిలోకి వచ్చేవాడు. వైద్యుడు రోగిగా మంచంమీద పడుకొని ఉన్నప్పుడు లోకం ఎలా కనిపిస్తుందో వైద్యపత్రికకు ఒక వ్యాసం కూడా రాశాడు. 1976లో ఆచార్య పదవి నుండి విరమించాడు. ఆపైన భార్యతో కలిసి ఇంగ్లండు తూర్పుతీరాన ఎసెక్స్‌లోని పాగల్‌షామ్ అనే పల్లెలో నివసించాడు. సంగీతం, చిత్రలేఖనం, పడవ ప్రయాణం ఆయనకు ప్రియమైన వ్యాపకాలు. 1987 జూన్ 19న ఆ పల్లెలోనే తన 76వ ఏట మరణించాడు.